సెప్టెంబర్ ముప్పై ఒకటి

జులై 5, ఆదివారం

ఈ రోజు చర్చిలో మా ఆయన ఆంబ్రోస్ కాగితం లేకుండా ప్రసంగం చేశారు. ఈ లోయకి వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఒకటే పద్ధతి. శనివారమంతా ఆయన కూర్చుని ప్రసంగం రాస్తారు, టీ చల్లారిపోతోందని నేను గుర్తుచేస్తుంటాను, ఆదివారం దాన్ని తల ఎత్తకుండా చదివేస్తారు. అలాంటిది ఇవాళ ఉత్త చేతులతో ఎక్కి నిలబడి, విడవకుండా కురుస్తున్న వాన గురించి మొదలుపెట్టి, నోవహు ఓడ దగ్గరికి వెళ్ళి, తిరిగి మా నది దగ్గరికి వచ్చి ఆగారు. ఎవరూ నిద్రపోలేదు.

బయటికి రాగానే అందరూ చుట్టుముట్టారు. "ఇన్నాళ్ళూ అయ్యగారు కాగితంతో మాట్లాడారండి. ఇవాళ మాతో మాట్లాడారు," అన్నాడు జాబెజ్ రడ్. జాబెజ్ ఊరి కమ్మరి. ఆదివారాలు చర్చి గుమాస్తా; ప్రార్థనలో జనం చెప్పాల్సిన జవాబులన్నీ ముందుగా అందుకునేది అతనే. అతని భార్య టామ్సిన్ ఊరుకుంటుందా? "నువ్వు ఇవాళే కదా మేలుకున్నావు, పాపం," అంది.

కాగితం ఏమైందని ఇంటికొచ్చాక అడిగాను. దీపం నూనె బాగోలేదు, రాసుకుంటుంటే అక్షరాలు కనబడలేదు అన్నారు. నిజమే. ఈసారి పోర్టు నుంచి వచ్చిన నూనె వట్టి పొగ.

జులై 9

కొత్త వత్తి వేశాను. బాగా వెలుగుతోంది. ఆయనకి మాత్రం ఇంకా పొగ పోలేదట.

జులై 15

చూరు కారి, గోడకి తగిలించిన క్యాలెండర్ తడిసి ముద్దయింది. ఈ న్యూజిలాండ్ వానకి రేకూ ఒకటే, గడ్డీ ఒకటే. కొత్త క్యాలెండర్ ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాలంటే క్రిస్మస్ దాకా ఆగాలి. ఇన్నాళ్ళూ తారీఖు చూసుకునేది ఆయనే. "ఇక నుంచి నీ చేతిలో పెడుతున్నాను సెలీనా. నాకు మతిమరుపు ఎక్కువవుతోంది," అన్నారు.

ఆయనకి మతిమరుపా! మా పెళ్ళినాడు మా తమ్ముడు ఏ రంగు మేజోళ్ళు వేసుకొచ్చాడో ఇప్పటికీ చెప్పగలరు. సరేలే అనుకున్నాను. రోజూ ఈ డైరీ పైన తారీఖు వేస్తూనే ఉంటాను, అదెంత పని.

జులై 26, ఆదివారం

ఇవాళ చర్చిలో వడ్రంగి కొడుకు పెళ్ళి గురించి మొదటి చాటింపు. బయల్దేరే ముందు వధూవరుల పేర్లు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. పేర్ల కాగితం జేబులోనే ఉంది.

దారిలో ఎవరో గేటు గుంజ మీద శాలువా ఆరేశారు. ఆంబ్రోస్ దానికి టోపీ తీసి, "ఒళ్ళు కులాసాగా ఉందా అమ్మా," అని పలకరించారు. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. పొద్దుటి మంచులో ఎవరికైనా అలాగే కనిపిస్తుంది.

ఆగస్టు 3

ఉదయం ప్రార్థన మేమిద్దరమే చేసుకుంటాం. ఆయన కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, మూడోనాటి కీర్తనలు చదువుతున్నారు. నేను పొయ్యిలో కట్టె వెయ్యడానికి లేచి ఆయన వెనకగా వెళ్ళాను.

పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆగస్టు 4

వేరే కొట్టు నుంచి నూనె తెప్పించాను.

ఆగస్టు 5

పుస్తకం తలకిందులుగా ఉంది. ఆయన ఒక్క మాట కూడా తప్పలేదు.

ఆగస్టు 11

బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒక దుంప తీసుకుని చేత్తో తడిమారు. తరవాత, "నూనె మంచిదేనని నీకు తెలుసు కదా సెలీనా," అన్నారు.

తెలుసన్నాను.

వెలుగూ నీడా తెలుస్తాయట. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుందట, ఎవరో తెలియదట. ఏడాది కిందట పోర్టులో ఓడ డాక్టరు చూసి, ఇది మందుకీ కళ్ళద్దాలకీ లొంగేది కాదు, మెల్లగా మొత్తం పోతుంది అని చెప్పాడట. ఏడాది! ఏడాదిగా ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని, ముద్దలో ఎముక ఉందో లేదో వేలితో తడుముకుని తింటూ, నా కొత్త రిబ్బన్ బాగుందని మెచ్చుకుంటూ వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు చెప్పకుండా ఎలా ఉన్నారు అని గట్టిగానే అడిగాను.

"చెప్తే నువ్వు నా చెయ్యి పట్టుకుని నడిపిస్తావు. అది చూసిన రోజున ఊరికి నేను అయ్యగారిని కాను, అయ్యో పాపాన్ని," అన్నారు.

తరవాత దుంపలన్నీ ఆయనే చెక్కు తీశారు. నాకంటే పలచగా తీస్తారు.

ఆగస్టు 16, ఆదివారం

బాగా జరిగింది. బైబిల్ పాఠాలు చదివే పని జాబెజ్‌కి అప్పజెప్పాం, ఊరివాళ్ళు కూడా చర్చి పనిలో పాలుపంచుకోవాలన్న వంకతో. జాబెజ్ ప్రవక్తల పేర్లని కొలిమిలో పెట్టి సుత్తితో కొట్టి తనకి కావలసినట్టు వంచుకుంటాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. పెళ్ళి చాటింపులు నేను ఇంటి దగ్గరే చెప్పి పంపిస్తాను. మిగతా ప్రార్థనలు ఎలాగూ ఆయనకి కంఠతా వచ్చు.

కీర్తనలతో అసలు బాధే లేదు. పుస్తకంలో నూట యాభై కీర్తనలూ నెలలో ముప్పై రోజులకీ పంచి ఉంటాయి, ఏ తారీఖు ఉదయం ఏవి, సాయంత్రం ఏవి అని. ఒక వరస అయ్యగారు చెబితే తరవాతి వరస జనం చెప్పాలి. ముప్పై ఒకటో తారీఖు ఉంటే ముప్పయ్యోనాటివే మళ్ళీ చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా రోజుకి రెండుసార్లు చెబుతున్నవి, ఆయన నోట్లోంచి ఎక్కడికి పోతాయి? "తారీఖు ఒక్కటి నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను," అంటారు.

ఆయన పుస్తకం తెరిచి, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతూ, తల అటూ ఇటూ కదుపుతూ ఉంటే నాకే అనుమానం వచ్చింది, కనిపిస్తోందేమోనని. ఇలాంటి మనిషిని చేసుకున్నందుకు నాకు గర్వంగా ఉంది.

ఆగస్టు 20

కెప్టెన్ లోరిమర్ వచ్చాడు. లోయ ఎగువనున్న గొర్రెల మేతలన్నీ ఆయనవే. చర్చి కట్టిన స్థలం ఆయనిచ్చిందే, ఆ సంగతి మమ్మల్ని మరిచిపోనివ్వడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రోడ్డు మీద తను ఎదురొస్తే పెన్‌హేల్ గారు, అంటే మా ఆంబ్రోస్, పలకరించకుండా వెళ్ళిపోయారట, ఒకసారి కాదు, చాలాసార్లు. ఈ ఊరికి చురుకైన కుర్రవాడు కావాలని బిషప్ గారికి కబురు పంపానని కూడా చెప్పాడు. వెనకనుంచి కాదు, మొహం మీదే చెబుతున్నాను అని దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు.

సెప్టెంబర్ రెండో ఆదివారం బిషప్ వస్తారట. ఊరి పిల్లల తలల మీద చెయ్యి పెట్టి సంఘంలో చేర్చుకోవడానికి. పనిలో పని, ఆంబ్రోస్ ఎలా ఉన్నారో చూసి వెళ్ళడానికి.

కెప్టెన్ వెళ్ళాక, గుర్రం మీద వచ్చే కోటు మనిషినల్లా పలకరించెయ్యండి, పోయేదేముంది, అన్నాను. "నిన్న అలాగే చేశాను. అది మేకుకి తగిలించిన నా కోటే," అన్నారు.

ఆగస్టు 24

బిషప్‌తో నిజం చెప్పేస్తానంటున్నారు. చూపు లేకుండా చూపున్నట్టు దేవుడి బల్ల ముందు నిలబడటం అబద్ధం కాదా అని అడిగారు. ఏమని చెప్పను? చెప్పిన మర్నాడే మేం మూట కట్టుకోవాలి. ఇల్లు చర్చిది. పోర్టులో ముసలి గురువుల కోసం ఒక గది ఇస్తారేమో, కిటికీలోంచి గోడ కనిపిస్తుంది. ఆయనకి అదీ కనిపించదు.

ఈ చర్చి దూలాలు ఆయన భుజం మీద మోసినవి. కంఠవాపు వచ్చిన ఏడాది ఇంటింటికీ తిరిగి, తల్లులు పడిపోతే పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆయన. మా బాబు విల్‌ని కూడా ఆ ఏడాదే చర్చి కంచె పక్కన మట్టిలో పెట్టాం. విల్‌ని వదిలి ఎక్కడికి వెళ్ళను?

పిల్లలకి చదువు చెప్పి తయారుచేసింది మీరు, వాళ్ళని బిషప్ ముందు నిలబెట్టేదాకా ఆగండి, అన్నాను. సరేనన్నారు. ఆయన కోసమే అన్నాను.

ఆగస్టు 30, ఆదివారం

నది మొగ దగ్గరుండే, ఈ దేశం వాళ్ళైన మావోరీలు కూడా ఇవాళ ఉదయం ఆరాధనకి వచ్చారు. వాళ్ళకి బోధించే రావిరి తన వాళ్ళని ఎడమవైపు బల్లల మీద కూర్చోబెడతాడు. వాళ్ళ దగ్గర పుస్తకాలు ఉండవు. కీర్తనలన్నీ తమ భాషలో కంఠతా పట్టేశారు. ఎందుకలా అని ఒకసారి అడిగితే, "మా ఊరికి ఏటా వరదొస్తదమ్మా. పుస్తకమైతే తడుస్తది. నోట్లోది తడవదు," అన్నాడు. అతనూ ఆంబ్రోసూ కలిస్తే మాటలకి అంతుండదు, సగం ఇంగ్లీషు, సగం వాళ్ళ భాష.

సాయంత్రం ఆంబ్రోస్, "ఈ నెలకి ముప్పై ఒకటి ఉందా?" అని అడిగారు. పిడికిలి బిగించి కణుపుల మీద లెక్కపెట్టాను. జులై కణుపు, ఆగస్టు పల్లం. లేదన్నాను. "నాకు ఉన్నట్టు గుర్తు," అన్నారు. తారీఖు నాకు అప్పజెప్పి మళ్ళీ ఈ అనుమానాలేమిటన్నాను. నవ్వి ఊరుకున్నారు.

సెప్టెంబర్ 1, సోమవారం

చలికాలపు గోధుమ రంగు పోయి కొండలు పచ్చబడుతున్నాయి. గొర్రెలు ఈనుతున్నాయి.

సెప్టెంబర్ 7, ఆదివారం

అంతా సవ్యంగానే జరిగింది. ఏడోనాటి కీర్తన మొదటి వరస ఆయన చెప్పారు. జనం అందుకోవడం కాస్త ఆలస్యమైంది. ముందు ఎడమవైపు నుంచి రావిరి వాళ్ళు అందుకున్నారు, తరవాత పేజీల చప్పుడు, తరవాత జాబెజ్ దగ్గు, అప్పుడు మిగతావాళ్ళు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి.

ఆంబ్రోస్ మాత్రం ఇంటికొచ్చాక భోజనం సరిగా చెయ్యలేదు.

సెప్టెంబర్ 8

టామ్సిన్ గుడ్లు తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఎన్నో తారీఖమ్మగారూ?" అంది. ఎనిమిది అన్నాను. "ఎనిమిదేనాండి," అని తల ఊపి వెళ్ళిపోయింది. ఎప్పుడూ లేనిది, ఎంత వినయం. ఏదో కావాలి కాబోలు.

సెప్టెంబర్ 9

కెప్టెన్ గారి గొర్రెల కాపరి ఒకడు నది అవతల కొండ గుడిసెలో కొన ఊపిరితో ఉన్నాడట. అయ్యగారిని పిలవమంటున్నాడట. కబురు తెచ్చింది రావిరి. కొండల మీద మంచు కరిగి నది బురద రంగులో ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. కళ్ళున్న మగవాళ్ళే దిగని ఏరు. ఈ దేశంలో మంచాన పడి పోయినవాళ్ళకంటే ఏట్లో పోయినవాళ్ళే ఎక్కువ.

వెళ్ళొద్దన్నాను. బతిమాలాను. తిట్టాను కూడా. ఆయన రొట్టె, ద్రాక్షారసం ఉన్న పెట్టెని గుండెకి కట్టుకుంటూ, "వాడు చూడటానికి పిలవలేదు సెలీనా. వినడానికి పిలిచాడు," అన్నారు. గుర్రం ఎక్కించాక కళ్ళెం రావిరి పట్టుకున్నాడు. చెప్పకుండానే పట్టుకున్నాడు. అంటే అతనికి ఎప్పటినుంచో తెలుసు.

నీళ్ళు గుర్రం డొక్కలదాకా వచ్చేవరకు చూశాను. తరవాత చూడలేక లోపలికి వచ్చేశాను.

సెప్టెంబర్ 10

రాలేదు. నది తగ్గలేదు.

సెప్టెంబర్ 11

మధ్యాహ్నం వచ్చారు. కళ్ళెం పట్టుకుని నడిపించుకొచ్చింది కెప్టెన్ లోరిమర్. మెడదాకా తడిసి ఉన్నాడు, తన గుర్రాన్ని వెనక కట్టుకుని, బురదలో నడిచి. నాకు టోపీ తీశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి మా ఇంట్లో టీ తాగాడు.  వెళ్ళేటప్పుడు, "ఆదివారం ముందు బల్ల మీద బిషప్ గారి పక్కన నేను కూర్చుంటానమ్మా," అన్నాడు. అది చెప్పడమో బెదిరించడమో నాకు తెలియలేదు.

గుర్రాన్ని తుడుస్తూ రావిరి జరిగింది చెప్పాడు. గుడిసెలో కాపరి గోడవైపు పడుకుని ఉన్నాడట. ఆంబ్రోస్ వాడి నుదురు, చెంపలు వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి, పెదాలు దొరికాక రొట్టె పెట్టారట. వాడి చెవి దగ్గర నోరు పెట్టి తెల్లవార్లూ కీర్తనలు చెప్పారట. తెల్లవారాక వాడు పోయాడు. కెప్టెన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడట.

"చూశాడా?" అన్నాను.

"చూశాడమ్మా. అంతా చూశాడు."

అయిపోయింది. బిషప్ చెవిన వెయ్యడానికి ఇక ఇంతకంటే ఏం కావాలి?

సెప్టెంబర్ 13, శనివారం

బిషప్ వచ్చారు. కెప్టెన్ గారింట్లో దిగారు.

ఆంబ్రోస్ పద్నాలుగోనాటి కీర్తనలు పొద్దున ఒకసారి, సాయంత్రం రెండుసార్లు నాకు అప్పజెప్పారు. ఎన్నడూ లేనిది, అవి ఆయనకి నాకంటే బాగా వచ్చు.  పదోసారి బైబిల్ దులిపాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను. లేకపోతే రేపు నేనే నమ్మను.

చర్చి నిండిపోయింది. కోవై చెట్ల పసుపు పూలు కోసి పిల్లలు కిటికీల నిండా పెట్టారు. బిషప్ ముందు బల్ల మీద, పక్కన కెప్టెన్. బిషప్ పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, బూట్ల నిండా బురదతో ఉన్నారు. ఉదయం ఆరాధన నడిపించేది ఆంబ్రోసే. బిషప్ ప్రసంగం చేసి పిల్లల్ని ఆశీర్వదిస్తారు.

కీర్తనల వంతు వచ్చింది. ఆంబ్రోస్ పుస్తకం తెరిచి, పద్నాలుగోనాటి మొదటి వరస చెప్పారు. చర్చి మొత్తం ఒక్క గొంతుతో రెండో వరస అందుకుంది. పేజీ కదిలిన చప్పుడు లేదు, దగ్గు లేదు.

ఒక్కచోట తప్ప. ముందు బల్ల మీద బిషప్ పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. తల ఎత్తి ఆంబ్రోస్ వైపు చూశారు, మళ్ళీ పుస్తకం వైపు చూశారు.  అప్పుడు కెప్టెన్ లోరిమర్ చెయ్యి చాచి, బిషప్ పుస్తకంలో ఒక్క పేజీ ముందుకి తిప్పి, ఇక్కడ అని వేలు పెట్టాడు.

నాకు అర్థం కాలేదు. ఆ కంగారులో కణుపులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. జులై చివరి కణుపు. అక్కడితో చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదలుపెడితే ఆగస్టు కూడా కణుపే. పల్లం కాదు. ఆగస్టుకి ముప్పై ఒకటి ఉంది. ఇవాళ పదమూడు.

నేను ఊళ్ళో అందరికంటే ఒకరోజు ముందు నడుస్తున్నాను, నా వెనక ఆయన్ని నడిపిస్తున్నాను. పోయిన ఆదివారం ఆ పేజీల చప్పుడు చలికి కాదు. చుట్టూ చూశాను. జాబెజ్, టామ్సిన్, వడ్రంగి కుటుంబం, కాపరులు, పిల్లలు. అందరి పుస్తకాలూ మొదటి నుంచే పద్నాలుగో రోజు దగ్గర తెరిచి ఉన్నాయి. ఇంటి దగ్గరే ఆ పేజీ పెట్టుకుని వచ్చినట్టున్నారు.

ఆ కీర్తనలో ఒక ముసలివాడు దేవుణ్ణి వేడుకుంటాడు, సత్తువ ఉడిగిన వేళ తనని విడిచిపెట్టవద్దని. అది అయ్యగారు చెప్పే వరస కాదు, జనం చెప్పే వరస. వాళ్ళు చెప్పారు. కెప్టెన్ గొంతు అందరికంటే గట్టిగా ఉంది. ఆంబ్రోస్ తరవాతి వరస అందుకోవడానికి కొంచెం ఆలస్యమైంది. నేనెక్కడ ఏడుస్తానోనని పళ్ళు బిగబట్టుకున్నాను, లాభం లేకపోయింది.

మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనాలు. టామ్సిన్ మటన్ వడ్డిస్తోంది. బిషప్ నా వైపు తిరిగి, చాలారోజులుగా దారిలోనే ఉన్నాను, లెక్క తప్పినట్టుంది, ఇవాళ పదమూడు అనుకున్నాను అన్నారు. నేను నోరు తెరిచేలోపే టామ్సిన్ అందుకుంది.

"మీ ఊళ్ళో పదమూడేమోనండి. మా లోయలో పద్నాలుగే."

"పద్నాలుగే," అన్నాడు కెప్టెన్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

జాబెజ్ కూడా ఆమెన్ అన్నంత గంభీరంగా పద్నాలుగే అన్నాడు. ఆంబ్రోస్ చేతిలో కత్తి కింద పెట్టారు. ఆయనకి అర్థమైపోయింది. ఒక్కొక్కరి గొంతు వైపూ తల తిప్పారు. తరవాత లేచి నిలబడ్డారు.

"బిషప్ గారూ, నాకు చూపు లేదు. ఏడాదిగా తగ్గుతూ వచ్చి పోయింది. వీళ్ళకి తెలియదనుకుని దాచాను. పోయిన ఆదివారం పేజీల చప్పుడు విని, కీర్తనలు కూడా మరిచిపోతున్నాను కాబోలని వారమంతా భయపడ్డాను. తప్పు నాది. వీళ్ళ మీద కోపం ఉంచకండి."

కెప్టెన్ కుర్చీ చప్పుడు చేస్తూ వెనక్కి జరిగాడు. "నేను పంపిన కబురు వెనక్కి తీసుకుంటున్నానండి," అన్నాడు. "రోడ్డు మీద నన్ను పలకరించలేదని కోపగించుకున్నాను. ఆ మనిషి నా కాపరి కోసం కళ్ళు లేకుండా ఏరు దాటి వచ్చాడు. కళ్ళున్న నేను ఒడ్డున నిలబడి, నీళ్ళు తగ్గాక దిగుదామని చూశాను. రావిరి ఆ గుర్రాన్ని నీళ్ళలోకి దింపడం చూశాకే నేనూ దిగాను."

బిషప్ తన పళ్ళెం ముందుకి జరిపారు. అమ్మా, ఇంకో ముక్క మటన్ ఉందా అని టామ్సిన్‌ని అడిగారు. అది తిన్నాక, పత్రాలు రాయడానికి, పాఠాలు చదవడానికి ఒక కుర్ర డీకన్‌ని, అంటే సహాయ గురువుని, తరవాతి ఓడకి పంపిస్తానన్నారు. అతను పెన్‌హేల్ గారి కింద పనిచేస్తాడు అన్నారు. కింద అన్న మాట రెండుసార్లు అన్నారు. అతనికి గది నేను కట్టిస్తాను అన్నాడు కెప్టెన్. జాబెజ్ మొహం చిన్నబోయింది. పాఠాలు ఆదివారం విడిచి ఆదివారం జాబెజ్ చదవాల్సిందే అని ఆంబ్రోస్ అంటే గానీ అతని పళ్ళెం ఖాళీ కాలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఇవాళ పద్నాలుగని నాకు తెలుసు. పదిహేనని రాశాను.

పొద్దున్నే బయల్దేరే ముందు బిషప్ మా ఇంటికి వచ్చి, ఆంబ్రోస్ ఎదురుగా కూర్చుని, "ఇవాళ పదిహేనో రోజు కదా. చెప్పండి, నేను జవాబు చెబుతాను," అన్నారు. ఇద్దరూ కీర్తనలు పూర్తి చేశారు. బిషప్ రెండుచోట్ల తప్పారు, పుస్తకం చేతిలో పెట్టుకుని.

గిన్నెలు తోమడానికి వచ్చిన టామ్సిన్‌ని నిలదీశాను. ఆయన సంగతి ఎప్పటి నుంచి తెలుసు?

"గేటు మీద నా శాలువాని కుశలమడిగినప్పటి నుంచండి. కిటికీలోంచి చూశాను. అది నా పాత శాలువా, దాన్ని అంత మర్యాదగా ఇంతవరకు ఎవరూ పలకరించలేదు."

పోయిన ఆదివారం ఆయన ఏడోనాటివి మొదలుపెట్టాక, సోమవారం గుడ్ల వంకన వచ్చి తారీఖు అడిగి రూఢి చేసుకుందట. ఆ సాయంత్రం నుంచీ జాబెజ్ కొలిమి మూసి ఇంటింటికీ తిరిగాడట. అమ్మగారు ఒకరోజు ముందుకెళ్ళిపోయారు, మనమూ వెళ్దాం అని. కెప్టెన్ గారింటికి వెళ్ళడానికే భయపడ్డాడట. గురువారం కెప్టెనే కొలిమి దగ్గరికి వచ్చి, ఆదివారం నేనేం చెయ్యాలి అని అడిగాడట.

"తారీఖు తప్పని నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేది కదే," అన్నాను.

"చెప్తే, మాకు తెలుసని మీకు తెలిసిపోద్ది కదండీ. అయ్యగారు అంత కష్టపడి దాచుకుంటుంటే మనం బయటపెట్టడం ఏం మర్యాదండీ?" అంది. తరవాత, నా లెక్క ఎక్కడ తప్పిందో విని, కణుపులు లెక్కపెట్టడం ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారండీ అని ఒకటి అంటించింది. 

ఇప్పుడు వెనక్కి రావడం ఎలా అని సాయంత్రం ఆంబ్రోస్‌ని అడిగాను. ఒక్కసారిగా ఒకరోజు తగ్గిస్తే ఊరంతా గందరగోళం. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఇంత నవ్వు నేను విని ఎన్ని నెలలైందో. "ఆగస్టుకి నువ్వు ఎగ్గొట్టిన రోజు సెప్టెంబర్‌కి ఇచ్చేద్దాం. ముప్పై ఒకటో తారీఖున ఏం చెయ్యాలో పుస్తకంలోనే ఉంది," అన్నారు.

సెప్టెంబర్ 31, బుధవారం

మామూలుగా బుధవారం ఉదయం చర్చికి ముగ్గురు ముసలమ్మలు, వాళ్ళలో ఒకరి కుక్క వస్తారు. ఇవాళ గొర్రెలు ఈనే రోజుల్లో, నాట్ల పని వదిలిపెట్టి, ఊరంతా వచ్చింది. రావిరి తన వాళ్ళందరితో వచ్చాడు. కెప్టెన్ చొక్కా చేతులకి గొర్రెపిల్ల తడి ఇంకా ఆరలేదు.

చెప్పాల్సినవి నిన్న చెప్పిన ముప్పయ్యోనాటి కీర్తనలే. ఆంబ్రోస్ మొదటి వరస చెప్పారు. ఇవాళ పుస్తకం తెరవలేదు, తెచ్చుకోలేదు కూడా. జాబెజ్ అది చూసి తన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. టామ్సిన్ మూసింది. తరవాత కుడివైపు బల్లల మీద ఒక్కొక్కరూ మూశారు. రాని చోట రావిరి వాళ్ళ గొంతు వెనకాల పడి నెట్టుకొచ్చారు.

నేను కూడా మూశాను. మూడుచోట్ల తప్పాను.

ఇంటికి వస్తుంటే ఆంబ్రోస్ నా చెయ్యి పట్టుకున్నారు, ఊళ్ళో అందరూ చూస్తుండగా. "ఇవాళ పేజీల చప్పుడే లేదేం?" అన్నారు. అన్నీ మూసి ఉన్నాయని చెప్పాను. ఆయన ఆగిపోయారు. కాసేపు అక్కడే, విల్ పక్కన, కంచె పట్టుకుని నిలబడ్డాం.

రేపు అక్టోబర్ ఒకటి. టామ్సిన్ చేత కూడా లెక్కపెట్టించాను.